ధాన్యంలో తేమ – రవాణాలో కర్బనం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి ఒక లెక్క

సరుకు రవాణాలో కర్బన ఉద్గారాలను తగ్గించడమంటే వాహనాన్నో ఇంధనాన్నో మార్చడమని సాధారణంగా భావిస్తారు. వ్యవసాయోత్పత్తుల విషయంలో అంతకుముందే, కళ్లంలోనే చేయదగిన పని ఒకటి ఉంది. అది సరుకుతోపాటు ప్రయాణించే నీటిని తగ్గించడం.

ఆళ్లగడ్డకు రైలు మార్గం లేదు. 40వ నెంబరు జాతీయ రహదారిపై సుమారు 40 కి.మీ. దూరంలోని నంద్యాలకు ధాన్యం లారీలలోనే చేరాలి. ఒక లీటరు డీజిల్ దహనమైతే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 20 టన్నుల ధాన్యంతో వెళ్లే లారీ లీటరుకు 4 కి.మీ., ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు 5 కి.మీ. నడుస్తుందనుకుంటే, రానుపోను 18 లీటర్ల డీజిల్, 48 కిలోల ఉద్గారం అవుతుంది. ఇందులో 44 శాతం ఖాళీ ప్రయాణానిదే.

తేమ లెక్క

యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ 22 శాతం ఉందనుకుందాం. అటువంటి 100 టన్నుల ధాన్యంలో పొడి పదార్థం 78 టన్నులు. తేమను 14 శాతానికి తగ్గిస్తే మొత్తం బరువు 90.7 టన్నులు అవుతుంది. అంటే 9.3 టన్నులు కేవలం నీరు. దాదాపు ప్రతి 11 లారీలలో ఒకటి నీటినే మోస్తున్నది. ప్రభుత్వ కొనుగోలుకు గరిష్ఠ పరిమితి అయిన 17 శాతం వరకే ఆరబెట్టినా బరువు 94 టన్నులకు తగ్గుతుంది.

ఈ సూత్రం రైతుకు కొత్తది కాదు. పసుపు రైతు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టిన తరువాతే మార్కెట్టుకు పంపుతాడు. పచ్చి పసుపు బరువులో ఎండిన పసుపుగా మిగిలేది సుమారు ఐదో వంతు మాత్రమే.

ధర కుదరనిదే ఆచరణ లేదు

వరి రైతు పచ్చి ధాన్యాన్ని పొలంలోనే అమ్మడానికి అవగాహన లోపం కారణం కాదు. ఆరబెట్టడానికి స్థలం, పట్టలు, కూలీలు కావాలి. వాన భయం ఉండనే ఉంటుంది. పైగా 100 క్వింటాళ్లు 90.7 క్వింటాళ్లు అయినప్పుడు, క్వింటాలు ధర కనీసం 10.3 శాతం పెరగకపోతే రైతు నష్టపోతాడు. పచ్చి ధాన్యానికి క్వింటాలు రూ. 2,000 వస్తుంటే, ఎండిన ధాన్యానికి రూ. 2,205 వచ్చినప్పుడే బరువు నష్టం మాత్రం పూడుతుంది. ఆరబెట్టిన ఖర్చు దానికి అదనం. అందువల్ల తేమను కొలిచి, దాని ప్రకారం ధర చెల్లించే ఏర్పాటు లేనిచోట ఆరబెట్టమని చెప్పడం రైతు నష్టంతో ఉద్గారాలు తగ్గించమని చెప్పడమే అవుతుంది.

తిరుగు ప్రయాణం, రైలు

నంద్యాల నుంచి వచ్చే ఎరువులు, విత్తనాలు, సిమెంటు వంటి సరుకును తిరుగు లారీలలో తెస్తే అదనంగా ఖర్చయ్యేది 2 లీటర్లు. ఆ సరుకు కోసం మరో లారీ తిరగవలసిన 18 లీటర్లు మిగులుతాయి. నికరంగా 16 లీటర్లు, అంటే 43 కిలోల ఉద్గారం తగ్గుతుంది.

నంద్యాల గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో ఉంది. 2016లో ఎర్రగుంట్ల మార్గం కూడా ప్రారంభమైంది. టన్ను సరుకును కిలోమీటరు దూరం చేర్చడానికి రైలుకు పట్టే శక్తి లారీకన్నా చాలా తక్కువ. అయితే ఒక గూడ్సు రైలు నిండాలంటే రెండున్నర వేల టన్నులకు పైగా సరుకు ఒకేచోట చేరాలి. కాబట్టి దూర మార్కెట్లకు వెళ్లే బియ్యానికే ఇది అనుకూలం. రైతు నుంచి మిల్లు వరకు కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

• కోతకు ముందే గ్రామంలో కళ్లాలు, పట్టలు, తేమ కొలిచే మీటర్ల లభ్యతను పరిశీలించాలి.
• ధాన్యాన్ని పలుచగా పరచి తరచు కలియబెట్టించాలి. అతివేగంగా ఎండితే, ఎండినది మళ్లీ తడిస్తే గింజ పగిలి నూక పెరుగుతుంది.
• సిఫారసుకు ముందు రెండు తేమ స్థాయిల వద్ద రైతుకు వచ్చే మొత్తాన్ని లెక్కకట్టి చూపాలి.
• రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా తిరుగు సరుకును ముందుగానే కుదుర్చుకోవాలి.

నీరు నిలిచిన వరి పొలం నుంచి వెలువడే మీథేన్‌తో పోలిస్తే రవాణా వాటా చిన్నదే. అయినా ఈ వాటాను తగ్గించడానికి కొత్త వంగడం గాని కొత్త వాహనం గాని అవసరం లేదు. కావలసింది రెండు ఎండలు, ఒక తేమ మీటరు, న్యాయమైన తూకం.