చెల్లీ, ఆ ఒక్క ఆపరేషన్‌తో సరిపెట్టకు

చెల్లీ, బిడ్డకి గుండెలో రంధ్రం ఉందంటే మనం నలుగురికీ చెప్పుకుని ఏడుస్తాం. మలద్వారం లేకుండా పుట్టిందంటే మాత్రం సొంత ఆడపడుచుకి కూడా చెప్పం. "ఏదో చిన్న ఆపరేషన్‌లే" అని దాటేస్తాం. అలా దాచుకోవడంలో డాక్టర్ని అడగాల్సిన పెద్ద ప్రశ్న అడగకుండానే ఉండిపోతాం: బిడ్డకి లోపల ఇంకేమైనా ఉందా?

ఉండే అవకాశం ఎక్కువేనమ్మా. సుమారు 5,000 మందిలో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. వాళ్ళలో దాదాపు సగం మందికి ఇంకో అవయవంలోనూ తేడా కనిపిస్తుంది. పిండం నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసులో ఉన్నప్పుడు పేగు చివరి భాగం, మూత్రం దారి ఒకటిగా ఉండి, మధ్యలో గోడ లేచి విడిపోతాయి. గుండె, కిడ్నీలు, వెన్నుపూసలు, చేతుల ఎముకలు రూపు కట్టేది కూడా ఆ రోజుల్లోనే. అప్పుడు తేడా వస్తే ఒక్కచోటే రావాలని లేదు. అప్పటికి కొందరికి గర్భం వచ్చిన సంగతే సరిగ్గా తెలిసి ఉండదు. అలాంటిది బొప్పాయి తిన్నావనో, గ్రహణం రోజు బయట తిరిగావనో బాలింతని దెప్పడం పాపం. చాలామంది పిల్లల్లో ఫలానాది కారణమని ఎవరూ తేల్చలేరు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం గర్భం రాకముందే దాన్ని అదుపులో పెట్టుకోవాలి, ఇలాంటి లోపాల ముప్పు కొంత తగ్గుతుంది. "ఐదో నెల టిఫా స్కాన్‌లో ఎందుకు తెలియలేదు?" అని కూడా అడుగుతారు. మలద్వారం లోపం ఆ స్కాన్‌లో తరచుగా దొరకదు.

ఇంట్లో ముందుగా కనిపెట్టేది ఎవరో తెలుసా? కాళ్ళు చాపి, బిడ్డని పడుకోబెట్టుకుని నీళ్ళు పోసే పెద్దావిడ. నల్లగా జిగురులా వచ్చే తొలి దొడ్డి ఇరవై నాలుగు గంటల్లో రావాలి. రాకపోయినా, మగపిల్లాడి మూత్రంలో నల్లగా, పచ్చగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆడపిల్లల విషయంలో మనం ఎక్కువగా మోసపోతాం. చాలామందిలో యోని ద్వారం పక్కనే సన్నటి దారి ఉండి, అందులోంచే దొడ్డి వస్తుంది. గుడ్డ ఖరాబవుతోంది కదా, అంతా బాగానే ఉందనుకుంటాం. ఆరో నెలలో అన్నం మొదలుపెట్టాక మలబద్ధకం, ఉబ్బిన పొట్ట, ఏడుపు. అప్పుడు కానీ ఎవరూ విప్పి చూడరు. నువ్వు మాత్రం మొదటి రోజే వెలుతురులో, కాళ్ళు విడదీసి చూడు. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నోట్లోంచి నురగ కారుతూ, పాలు పట్టగానే దగ్గి నీలంగా మారితే మళ్ళీ పట్టొద్దు. అన్నవాహిక కడుపు దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పోయడం లాంటివి అసలే వద్దు.

ఆసుపత్రిలో చేర్చగానే "ఇంకా ఆపరేషన్ చెయ్యరేం?" అని మగవాళ్ళు గొడవకు దిగుతారు. చాలాసార్లు సర్జన్ ఒక రోజు ఆగుతారు. గాలి పేగు చివరిదాకా చేరితేనే పేగు ఎంత దూరంలో ఆగిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఆ ఒక్క రోజు చాలా విలువైనది. గుండెకి ఎకో, కిడ్నీలకి అల్ట్రాసౌండ్, వెన్నుకి ఎక్స్‌రే, అన్నవాహికలోకి గొట్టం వేసి చూడటం అన్నీ ఆ వ్యవధిలోనే జరుగుతాయి. ఫైలు మీద 'వ్యాక్టెర్ల్' అని రాస్తే భయపడకు. వెన్నుపూస, మలద్వారం, గుండె, శ్వాసనాళం, అన్నవాహిక, కిడ్నీలు, చేతులు. వీటిలో కనీసం మూడు చోట్ల తేడా ఉంటే వాడే పేరది. వెన్నుపాముకి అల్ట్రాసౌండ్ మూడు నెలల లోపే చేయించాలి. తర్వాత ఎముక గట్టిపడి ఎంఆర్ఐ తప్ప దారి ఉండదు. వెన్నుపాము కింద అతుక్కుపోయి ఉంటే తర్వాత కాళ్ళు బలహీనపడొచ్చు, మూత్రం మీద అదుపు పోవచ్చు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కిడ్నీలే. అవి నొప్పి చెప్పవు. మూత్రం వెనక్కి ఎగదన్నుతుంటే ఒక్కో జ్వరంతో కిడ్నీ కొంచెం కొంచెం పాడవుతుంది, మనం పళ్ళు వస్తున్నాయనుకుంటాం. ఇలాంటి బిడ్డకి జలుబు లేకుండా జ్వరం వస్తే మూత్ర పరీక్ష అడిగి చేయించు.

ఈ పరీక్షలకి ఎక్కడికి వెళ్ళాలంటావా? హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్ వాళ్ళకి ఒక వెసులుబాటుంది. మెట్రో ఎక్కితే మారాల్సిన పని లేకుండా నాంపల్లి, లక్డీకాపూల్ దాకా వెళ్ళొచ్చు. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే. ఏడో నిజాం కోడలు నిలోఫర్, తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోతే తట్టుకోలేక తల్లీబిడ్డల కోసం కట్టించాలని పట్టుబట్టిన ఆసుపత్రి అది. నల్గొండ, సూర్యాపేట బస్సుల్లో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగే తల్లులకూ ఇదే దారి చెప్పు. అప్పుడే పుట్టిన బిడ్డయితే మెట్రో కాదు, 108 పిలవాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, ఏది వర్తిస్తుందో ముందే అడుగు.

చాలామంది పిల్లలకి చికిత్స మూడు విడతల్లో జరుగుతుంది. మొదట పొట్ట మీద దారి, తర్వాత అసలు ఆపరేషన్, చివర పొట్ట మీది దారి మూసేయడం. మధ్యలో జరిగేది 1980లో మెక్సికోలో డాక్టర్ ఆల్బెర్టో పేన్యా మొదలుపెట్టిన పద్ధతి. అది అయ్యాక రెండు వారాలకి అమ్మ చేతికి ఒక లోహపు కడ్డీ ఇస్తారు, డైలేటర్ అంటారు. జెల్లీ రాసి, రోజుకి రెండుసార్లు లోపలికి పెట్టాలి. వారం వారం సైజు పెరుగుతుంది. బిడ్డ ఏడుస్తుంది, తల్లికి చేతులు వణుకుతాయి. డాక్టర్‌ని అడగకుండా మానేస్తే దారి ఇరుకైపోవచ్చు. ఆ పనిలో భర్త పక్కన కూర్చుని కాళ్ళు పట్టుకోవాలి. ఇది అమ్మ ఒక్కదాని పని కాదు.

ఆడపిల్లల గురించి ఇంకోటి. ఈ లోపంతో పుట్టిన కొందరికి గర్భసంచి రెండుగా ఉండటం, యోనిలో అడ్డుపొర ఉండటం చూస్తాం. పెద్దమనిషి అయ్యే వయసుకి ముందే ఒకసారి స్కాన్ చేయించాలి. లేకపోతే ముట్టు బయటికి రాక, నెలనెలా కడుపునొప్పితో పిల్ల నరకం చూస్తుంది.

నీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, ఆపరేషన్ అయి ఏళ్ళు గడిచినా సరే, ఆ ఫైలు తీయించు. గుండె, కిడ్నీ, వెన్ను: మూడు రిపోర్టులూ ఉన్నాయో లేదో చూడు. ఏది లేకపోయినా ఈ వారమే పిల్లల సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళి రాయించు.