వేలు చీకే బిడ్డ

చంటిబిడ్డ వేలు చీకితే కంగారు పడనక్కర్లేదు. చాలామంది నాలుగేళ్లలోపే మానేస్తారు. ఆరేళ్లకు కొత్తపళ్లు వచ్చే వేళకూ మానకపోతేనే చిక్కు. వేలు లోపలినుంచి నెట్టి పైపళ్లు ఎత్తవుతాయి. బుగ్గల ఒత్తిడికి అంగిలి ఇరుకవుతుంది. ముక్కుకు అడుగు అంగిలే గదా, గాలిదారి కూడా సన్నబడవచ్చు. పెదవులు కలవక బిడ్డ నోటితో ఊపిరి తీస్తుంది.

కొట్టకండి. కారం పూయకండి, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు. చెల్లెలో తమ్ముడో పుట్టి అమ్మ ఒడి దూరమైతే, మానేసిన పిల్లలు కూడా మళ్లీ వేలు పట్టుకుంటారు. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ల ఎడం ఉండాలనేది ఇందుకు కూడా.

నిద్రలో గురక పెడుతుంటే ముక్కు వెనక కండ పెరిగిందేమో డాక్టరుకు చూపించండి. పళ్ల సంగతికైతే హైదరాబాదు పాతబస్తీవారికీ, పట్నం వచ్చే పల్లెవారికీ నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.