గోరంత పొదుపు, కొండంత వృథా

గది నుంచి బయటికి వెళ్తూ మొబైల్ చార్జర్ స్విచ్ ఆపేస్తాం. మంచి అలవాటే. కానీ పైన ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది! పర్యావరణం విషయంలో మన పొదుపు చాలావరకు ఇలాగే సాగుతోంది. చుక్క చుక్క కలిస్తేనే సముద్రం అన్నమాట నిజమే. అయితే ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లం కదా, ముందు చిల్లు ఎక్కడ పెద్దదో లెక్కేసి చూద్దాం.

1000 వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. అందుకే ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఇదే మన కొలబద్ద.

చార్జర్, ఫ్యాన్: ఫోన్ పెట్టకుండా ప్లగ్‌లో వదిలేసిన మంచి చార్జర్ 0.1 వాట్ వరకు తీసుకుంటుంది. ఏడాది పొడవునా అలాగే వదిలేసినా ఒక యూనిట్ దాటదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. ఖాళీ గదిలో రోజుకి 4 గంటలు తిరిగితే 0.3 యూనిట్. అంటే చార్జర్ ఏడాదిలో చేసే వృథాని ఫ్యాన్ మూడే రోజుల్లో చేసేస్తుంది. అదే గాలిని బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతో ఇస్తుంది. రోజుకి 12 గంటల చొప్పున 300 రోజులు వాడితే ఒక్కో ఫ్యాన్‌కి 162 యూనిట్లు మిగులుతాయి.

వేడి, చల్లదనం: 20 లీటర్ల బకెట్ నీళ్లని 25 డిగ్రీల నుంచి 40కి వేడి చేయడానికి దాదాపు 0.35 యూనిట్ కావాలి. ఆ కరెంటుతో ఒక ఫోన్‌ని పద్నాలుగు సార్లు ఫుల్ చార్జ్ చేయొచ్చు! థర్మోడైనమిక్స్ క్లాసులో నేర్చుకున్న సూత్రమే ఇది, బాత్రూమ్‌లో గుర్తురాదంతే. ఏసీ సంగతీ అంతే. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ అంచనా. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన పెట్టింది అందుకే. మనమేమో రిమోట్ అందుకుని 18కి దించి, దుప్పటి కప్పుకుంటాం!

ల్యాబ్, ఆఫీస్: ఒక డెస్క్‌టాప్, మానిటర్ కలిపి పని లేకుండా ఉన్నప్పుడు 60 వాట్లు తీసుకుంటాయనుకుందాం. 30 సిస్టమ్‌లని సాయంత్రం నుంచి ఉదయం దాకా, అంటే 14 గంటలు వదిలేస్తే 25 యూనిట్లు. ఒక్క రాత్రికే 17 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్, అదీ ఎవరూ కూర్చోని కుర్చీల ముందు. రేపు మనం చేరబోయే ఆఫీసుల్లోనూ ఇదే లెక్క. వెళ్లేముందు షట్‌డౌన్ చేయడానికి పట్టేది అర నిమిషం.

కంచం: కరెంటు మీటర్‌లో కనిపించని వృథా ఇది. నీళ్లు నిలిచిన వరి పొలంలో మట్టికి ఆక్సిజన్ అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్‌ని విడుదల చేస్తాయి. వందేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ఇక మెస్‌లో మనం పారేసిన అన్నం డంపింగ్ యార్డుకి చేరి, చెత్త కింద గాలి ఆడక కుళ్లితే మళ్లీ మీథేనే వస్తుంది. ఒకే ముద్ద పొలంలో ఒకసారి, చెత్తకుప్పలో ఇంకోసారి వాతావరణాన్ని వేడెక్కిస్తుందన్నమాట. దానికి పోసిన నీళ్లు, రైతు పడ్డ కష్టం అదనం. "కొంచెం పెట్టండి, కావాలంటే మళ్లీ వస్తా" అంటే సరిపోయేదానికి ఇంత నష్టం!

హాస్టల్లో ఉండేవాళ్లకి కరెంటు బిల్లు కనిపించదు, అన్నం ఖరీదూ కనిపించదు. మన చేతికి బిల్లు రాదు కాబట్టే వృథా మన కంటికి ఆనదు. దాన్ని కనబడేలా చేయడం మన చేతుల్లో పని. ఒక వారం పాటు రోజూ ఒకే సమయానికి మన బ్లాక్ మీటర్ రీడింగ్ రాద్దాం. మెస్‌లో మిగిలిన అన్నాన్ని తూకం వేసి, ఆ అంకెని గుమ్మం దగ్గర బోర్డు మీద పెడదాం. రెండో వారం పైన చెప్పినవి పాటించి మళ్లీ కొలుద్దాం. రెండు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, చిల్లు ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.