పెద్ద సెల్‌ఫోన్‌కు పౌచ్ ఎంపిక - మన తరగతి పాఠమే కొలబద్ద



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే పాఠం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు కోరారు. ఈ వ్యాసం రాస్తున్న మేము ఇద్దరం ఈ హాస్టల్ పూర్వ విద్యార్థులం. ఒకరం ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతున్నాం, మరొకరం సెల్‌ఫోన్ రిపేరు దుకాణం నడుపుతున్నాం. ఒకరి ముందు నల్లబల్ల, ఒకరి ముందు కౌంటర్. అయినా ఇద్దరికీ తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కింద పడిన వస్తువు ఎందుకు పగులుతుంది? పగలకుండా ఏం చేయాలి?

పౌచ్ కొనడం కూడా ఒక పాఠమేనా అని నవ్వుకోవద్దు. మన ఇళ్లలో ఫోన్ అలంకారం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ వచ్చేది దానికే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేది చాలామందికి దానిలోనే. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు తరగతి గది కూడా అదే అయింది. చాలా ఇళ్లలో అందరికీ కలిపి ఉండేది ఒక్కటే ఫోన్. అమ్మానాన్నల కూలి డబ్బుతో కొన్న ఆ ఫోన్ అద్దం పగిలి, టచ్ పని చేయకుండా పోయింది అనుకోండి. దరఖాస్తుకు చివరి తేదీ మన కోసం ఆగదు. కొత్త డిస్‌ప్లే వేయించాలంటే వేల రూపాయలు. సరైన పౌచ్ ధర అందులో చాలా చిన్న భాగం.

పాఠశాల హాస్టల్‌లో ఉండే మీ చేతిలో ఫోన్ ఉండకపోవచ్చు. కానీ ఇంట్లో ఫోన్ కొన్నప్పుడు సలహా అడిగేది చదువుకుంటున్న మిమ్మల్నే కదా! అందుకే ఈ పాఠం అందరికీ.

ఫోన్ పెరిగింది, ప్రమాదమూ పెరిగింది

మా రోజుల్లో ప్రతి ఊళ్లోనూ కనిపించిన నోకియా 1100 ఫోన్ 2003లో వచ్చింది. బరువు 86 గ్రాములు. తెర అగ్గిపెట్టె కంటే చిన్నది. కింద పడితే వెనక మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరిపోయేవి. మళ్లీ తగిలిస్తే పని చేసేది. అలా ఊడిపోవడంలోనే దెబ్బ శక్తి కొంత ఖర్చయ్యేది.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు, బరువు 135 గ్రాములు. 2024లో వచ్చిన ఐఫోన్ 16 ప్రో మాక్స్ తెర 6.9 అంగుళాలు, బరువు 227 గ్రాములు. తెర కొలత అంటే దీర్ఘచతురస్రపు కర్ణం అని గుర్తుంచుకోండి. అంత ఖరీదైన ఫోన్లు మనం కొనకపోయినా, పది పదిహేను వేల ఫోన్లు కూడా ఇప్పుడు ఆరున్నర అంగుళాలకు పైనే, 200 గ్రాములకు అటూ ఇటూగా ఉంటున్నాయి.

పెద్ద ఫోన్‌తో మూడు చిక్కులున్నాయి. ఒకటి, ఒంటి చేతి పట్టుకు అందదు. బొటనవేలు పై మూలకు చాపినప్పుడు పట్టు సడలి జారుతుంది. రెండు, బరువు ఎక్కువ కనుక పడేటప్పుడు శక్తి ఎక్కువ. మూడు, అద్దం వైశాల్యం ఎక్కువ కనుక గులకరాయి తగిలే అవకాశమూ ఎక్కువే.

పడినప్పుడు ఏం జరుగుతుంది?

జేబు ఎత్తు సుమారు ఒక మీటరు అనుకుందాం. 200 గ్రాముల ఫోన్ అక్కడి నుంచి జారితే నేలను తాకే వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు. దాని గతిజ శక్తి 0.2 × 9.8 × 1 = 1.96, అంటే దాదాపు 2 జౌళ్లు. 2 జౌళ్లు పెద్ద శక్తేమీ కాదు. మరి అద్దం ఎందుకు పగులుతోంది?

శక్తి ఎంత అన్నది ఒక్కటే కాదు, అది ఎంత దూరంలో ఆగింది అన్నదే ముఖ్యం. బలాన్ని దూరంతో గుణిస్తే పని వస్తుంది. పౌచ్ లేని ఫోన్ సిమెంటు గచ్చు మీద పడి 1 మి.మీ. దూరంలోనే ఆగిపోయిందనుకుంటే సగటు బలం 2 ÷ 0.001 = 2000 న్యూటన్లు. ఇది రెండు క్వింటాళ్ల బరువు మోపినంత. అదే ఫోన్‌కు మూలల్లో మెత్తటి పౌచ్ ఉండి, అది నొక్కుకుంటూ 3 మి.మీ. దూరంలో ఆగితే సగటు బలం సుమారు 670 న్యూటన్లు. దెబ్బ మూడో వంతుకు తగ్గింది. లెక్క తేలికగా ఉండటానికి అంకెలను గుండ్రం చేశాం కానీ సూత్రం మాత్రం ఇదే.

క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం. లాంగ్ జంప్‌లో ఇసుక గుంటలో దూకుతాం. ఆగే సమయాన్ని, దూరాన్ని పెంచితే బలం తగ్గుతుంది. తొమ్మిదో తరగతిలో ద్రవ్యవేగం గురించి చదివింది ఇదే. మంచి పౌచ్ అంటే ఫోన్ నాలుగు మూలలా మోసుకెళ్లే చిన్న ఇసుక గుంట అన్నమాట.

మూల, అంచు, ఇసుక రేణువు

మా కౌంటర్ మీదికి వచ్చే పగిలిన ఫోన్లను చూస్తే చాలావాటిలో పగులు ఒక మూల నుంచి మొదలై వల అల్లినట్లు పాకి ఉంటుంది. కారణం సులభమే. ఫోన్ గాలిలో తిరుగుతూ పడుతుంది కనుక తరచుగా మూలే ముందు తాకుతుంది. మూల వైశాల్యం చాలా తక్కువ. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది. కాబట్టి పౌచ్‌లో మొదట చూడవలసింది వీపు మీది బొమ్మ కాదు, మూలలు.

రెండోది అంచు. ఫోన్ బోర్లా పడినప్పుడు అద్దం నేలను తాకకుండా పౌచ్ అంచు కాస్త ఎత్తుగా ఉండాలి. ఇక్కడే ఇసుక సంగతి కూడా తెలుసుకోవాలి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో ఇసుకలోని క్వార్ట్జ్ విలువ 7. ఫోన్ అద్దం అంతకంటే తక్కువే. అంటే ఇసుక రేణువు అద్దాన్ని గీయగలదు. గీత పడితే ఏమైంది అనుకోవద్దు. అద్దాలు కోసే పనివారు వజ్రపు మొనతో ఒక గీత గీసి, చేత్తో తడితే అద్దం ఆ గీత వెంబడే విడిపోవడం మీరు చూసే ఉంటారు. ఫోన్‌కైనా అదే న్యాయం. నిన్నటి గీత రేపటి పగులుకు దారి.

గొరిల్లా గ్లాస్ వంటి అద్దాలను వేడి పొటాషియం లవణ ద్రవంలో ముంచుతారు. అద్దంలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చి, పెద్ద పొటాషియం అయాన్లు ఆ చోట్లలో ఇరుక్కుంటాయి. దానితో పైపొర ఒత్తిడికి గురై బిగుసుకుంటుంది. అద్దానికి బలం ఆ పొర వల్లే. గీత ఆ పొరను దాటి లోతుగా వెళితే ఆ బలం పోయినట్లే. అందుకే ఎత్తైన అంచు, దాంతోపాటు టెంపర్డ్ గ్లాస్ రెండూ అవసరం.

ఏ పదార్థం ఏ పనికి?

టి.పి.యు. అనేది రబ్బరులా వంగే ప్లాస్టిక్. బజారులో 'మెత్త పౌచ్' అనేది చాలావరకు ఇదే. దెబ్బను బాగా పీల్చుకుంటుంది, ధర తక్కువ. తెల్లగా కనిపించే రకం ఎండకు, వేడికి కొంతకాలానికి పసుపు పచ్చగా మారుతుంది. రంగు మారినంత మాత్రాన పారేయనక్కర్లేదు. బిగుసుకుపోయినా, మూల చీలినా మార్చాలి.

సిలికాన్ చేతికి మంచి పట్టునిస్తుంది, కానీ దుమ్మును, జేబులోని నూలు పోగులను లాక్కుంటుంది. పాలీకార్బొనేట్ గట్టి పౌచ్ గీతలను ఆపుతుంది. అయితే అది నొక్కుకోదు కనుక దెబ్బను చాలావరకు లోపలికే పంపుతుంది. పలుచని గట్టి పౌచ్ అందంగా ఉంటుంది గానీ పడినప్పుడు దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. వీపు గట్టిగా, చుట్టూ అంచులు మెత్తగా ఉండే జంట రకం పెద్ద ఫోన్‌కు బాగా సరిపోతుంది.

పుస్తకంలా మూసే ఫ్లిప్ కవర్ జేబులో, సంచిలో అద్దాన్ని కాపాడుతుంది. పొలం పనికి, తాపీ పనికి వెళ్లే నాన్నకు ఇది మంచిది. కాని మూత తెరిచి మాట్లాడుతున్నప్పుడు పడితే ఆ మూత అక్కరకు రాదు. కాబట్టి ఫ్లిప్ కవర్‌లోనైనా ఫోన్ కూర్చునే అర మెత్తని మూలలతో ఉందో లేదో చూడాలి. లోహపు పౌచ్‌లు సిగ్నల్‌కు అడ్డం వస్తాయి, వద్దు.

డబ్బా మీది మాటలు

'మిలిటరీ గ్రేడ్' అని చాలా డబ్బాల మీద ఉంటుంది. ఇది అమెరికా రక్షణ శాఖ ప్రమాణం ఎం.ఐ.ఎల్.-ఎస్.టి.డి.-810ను ఉద్దేశించిన మాట. 2008 నాటి 810జి రూపంలో ఒక పరీక్ష ఉంది. వస్తువును 48 అంగుళాల ఎత్తు, అంటే 122 సెం.మీ. నుంచి 26 సార్లు పడేయాలి. 26 ఎందుకు? పెట్టె ఆకారానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. కూడితే 26. పడేది మాత్రం రెండు అంగుళాల ప్లైవుడ్ మీద, దాని కింద కాంక్రీటు. మన గచ్చు, కంకర రోడ్డు ప్లైవుడ్ కాదు కదా! పైగా ఆ శాఖ ఏ పౌచ్‌కూ ముద్ర వేసి ఇవ్వదు. పరీక్షించామని చెప్పుకునేది తయారీదారులే. కాబట్టి ఆ మాట ఒక్కదాన్నే నమ్మి ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

టెంపర్డ్ గ్లాస్ మీద '9హెచ్' అని ఉంటుంది. ఇది మోస్ కొలమానంలో 9 కాదు. పెన్సిల్ ములుకుతో గీసి చూసే కొలమానం అది. 9హెచ్ పెన్సిల్‌కు గీత పడలేదంటే ఇసుకకు పడదని అర్థం కాదు.

కౌంటర్ దగ్గర ఆరు పరీక్షలు

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ అయినా, మన మండల కేంద్రంలోని చిన్న దుకాణమైనా, డబ్బులిచ్చే ముందు మీ ఫోన్‌కు తొడిగి చూడండి. మొహమాటం వద్దు.

1. మోడల్ : సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి పూర్తి పేరు రాసుకోండి. పేరు చివర 'ప్రో', 'ప్లస్', '5జి' అన్న ఒక్క మాట తేడాతో కెమెరా చోటు, బటన్ల చోటు మారిపోతాయి. 'దాదాపు సరిపోతుంది' అంటే సరిపోనట్లే.

2. అంచు ఎత్తు : ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. టెంపర్డ్ గ్లాస్ వేయించిన తర్వాత ఆ కార్డును తెర మీద అంచుకు ఆనించి పెట్టండి. పౌచ్ అంచు కార్డుకు సమానంగా గాని, ఎత్తుగా గాని ఉంటే మంచిది. వెనక కెమెరా చుట్టూ కూడా ఇలాగే చూడండి.

3. మూలలు : బొటనవేలితో నొక్కండి. కొద్దిగా లొంగి తిరిగి పైకి రావాలి. మూల లోపల చిన్న గాలి ఖాళీ ఉంటే ఇంకా మేలు.

4. పట్టు : ఒంటి చేత్తో పట్టుకుని బొటనవేలు పై మూలకు చాపండి. చెమట చేతికి నున్నటి పౌచ్ జారుతుంది. పక్కలు కాస్త గరుకుగా ఉండాలి. తాడు కట్టుకునే రంధ్రం ఉంటే మణికట్టు తాడు వేసుకోండి. పడిన తర్వాత కాపాడుకోవడం కంటే పడకుండా చూసుకోవడం మేలు.

5. బటన్లు, రంధ్రాలు : బటన్లు తేలికగా నొక్కుకోవాలి. మీ ఛార్జర్ పిన్ పూర్తిగా లోపలికి వెళ్లాలి.

6. బిగువు : ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని, కింద చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఊపండి. వదులు పౌచ్ మొదటి దెబ్బకే ఊడిపోతుంది, రెండో దెబ్బ అద్దానికి తగులుతుంది.

ఈ ఆరింటిలో నెగ్గిన నూటయాభై రూపాయల పౌచ్, నెగ్గని వెయ్యి రూపాయల పౌచ్ కంటే ఉత్తమం.

కొన్న తర్వాత

వారానికి ఒకసారి పౌచ్ తీసి లోపల దుమ్ము తుడవండి. లోపల చిక్కిన ఇసుక ఫోన్ వీపును గీస్తూనే ఉంటుంది. పౌచ్‌ను సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి.

పౌచ్ దెబ్బను ఆపినట్లే వేడినీ ఆపుతుంది. ఆపిల్ సంస్థ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని చెబుతుంది. మన రామగుండం, రెంటచింతల ఎండలు ఎంతో మీకు తెలుసు. వేసవిలో ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోన్ వేడెక్కితే పౌచ్ తీసేయండి. దిండు కింద పెట్టి ఛార్జ్ చేయవద్దు. చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టవద్దు, లోపల తేమ పడుతుంది.

పౌచ్ వెనక ఏటీఎం కార్డు, మడిచిన నోటు దాచే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి. ఓటీపీ వచ్చే ఫోన్, కార్డు రెండూ ఒకే చోట దొంగ చేతికి ఇచ్చినట్లవుతుంది.

మామూలు పౌచ్ నీటిని ఆపదు. వానలో వెళ్లేటప్పుడు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి.

అభ్యాసం

1. డబుల్ కాట్ పై మంచం నుంచి, అంటే 1.5 మీటర్ల ఎత్తు నుంచి పడిన ఫోన్ నేలను ఎంత వేగంతో తాకుతుంది? (జవాబు : సెకనుకు సుమారు 5.4 మీటర్లు)

2. అదే ఎత్తు నుంచి పడిన 200 గ్రాముల ఫోన్ 3 మి.మీ. దూరంలో ఆగితే సగటు బలం ఎంత? (జవాబు : సుమారు 980 న్యూటన్లు)

3. మీ ఇంట్లోని ఫోన్ పౌచ్‌కు ఆరు పరీక్షలూ పెట్టి, ఎన్నింటిలో నెగ్గిందో రాయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పరీక్ష రాయగానే పాఠాన్ని మరిచిపోవడం మనకు అలవాటైంది. కాని ద్రవ్యవేగం, పీడనం, పని, శక్తి అన్నవి మార్కుల కోసం పుట్టినవి కావు. దుకాణదారు 'ఇది మిలిటరీ గ్రేడ్ సార్' అన్నప్పుడు, మూల నొక్కి, అంచు కొలిచి, 'దీని కంటే అది మేలు' అని చెప్పగలిగితే, మీ ఇంటి కష్టార్జితాన్ని మీ చదువు కాపాడినట్లే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని పరీక్షించి రండి. మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.