దీపపు తీగపై ఇంటర్నెట్టు

పాతకట్టడములలో గోడలు మిక్కిలి మందముగా నుండును. క్రింది గదిలోని రౌటరునుండి మేడమీది గదికి వైఫై అందదు. క్రొత్త తీగ లాగవలెనన్న గోడలు తొలువవలెను. దీపములకును పంకాలకును వేసిన తీగ ప్రతి గదిలోను ఉన్నది గదా, దానిమీదనే ఇంటర్నెట్టు పంపరాదా యని విద్యార్థులు మమ్ము నడిగిరి. పంపవచ్చును.

మన యిండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 మారులు మాత్రమే కంపించును. వార్తను మోయు కంపనములన్ననో సెకనుకు 20 లక్షలు మొదలు సుమారు 3 కోట్ల వరకు నుండును. ఆరాధనలో హార్మోనియపు మంద్రస్వరమును బాలికల తారస్వరమును ఒకే గాలిలో వచ్చినను మన చెవి వానిని వేరుపఱచుకొనుచున్నది. ఎడాప్టరు అను చిన్నపెట్టె చేయు పనియు నట్టిదే. ఒక పెట్టెను రౌటరు చెంతను, రెండవదానిని మేడమీదను ప్లగ్గులో నుంచవలెను.

2001లో వెలువడిన హోమ్‌ప్లగ్ మొదటి ప్రమాణము సెకనుకు 14 మెగాబిట్లు. 2005 నాటి ఏవీ ప్రమాణము 200. పెట్టెపై అచ్చువేసిన యంకెలను చూచి మురియరాదు. చేతికి దక్కునది సామాన్యముగా అందులో సగమునకు లోపుగనే యుండును.

మేము మొదట రెండవ పెట్టెను ఎక్స్‌టెన్షన్ బోర్డులో నుంచితిమి. పాఠము కదలలేదు. అట్టి కొన్ని బోర్డులలో హెచ్చువోల్టేజీనుండి కాపాడుటకై అమర్చిన భాగము శీఘ్రకంపనములను మ్రింగివేయును. గోడప్లగ్గునకు మార్చగానే పాఠము నడచెను. ప్రక్కను సెల్‌ఫోను చార్జరు పెట్టగా మరల మందగించెను. మూడు ఫేజుల కట్టడమైనచో రెండు పెట్టెలును ఒకే ఫేజుపై నుండుట మేలు. ఇది ఎలక్ట్రీషియను చూడవలసిన పని, విద్యార్థులది కాదు.

ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. తీగ మన గోడతో నాగదు. మీటరు ఈ సంకేతమును పూర్తిగా నిలుపజాలదు. అది పొరుగింటికిని కొంత ప్రాకవచ్చును. అందుచే ఏవీ పెట్టెలు వార్తను 128 బిట్ల తాళపుచెవితో గూఢలిపిలోనికి మార్చి పంపును. అయితే పెక్కు పెట్టెలు కార్ఖానానుండి ఒకే తాళపుచెవితో వచ్చును! ఊరందఱి తాళములకు నొకే చెవి యున్నచో తాళ మెందులకు? కావున ఒక పెట్టె మీట నొక్కి, రెండు నిమిషములలోపల రెండవదాని మీట నొక్కి, క్రొత్త చెవి నేర్పఱచుకొనవలెను.

మేము మొదటివారము ఈ పని మఱచితిమి. పరీక్షల మార్కులపట్టికలు ఆ తీగమీదనే పోయినవి. మేడమీది విద్యార్థి యొకడు పెట్టెతో వచ్చిన కాగితమును చదివి, మాకు జ్ఞాపకము చేసెను.