నొప్పి తెలియని పాదం

మధుమేహం అనగానే కళ్లు, మూత్రపిండాలు, గుండె గుర్తుకు వస్తాయి; పాదాలు ఆలస్యంగా గుర్తుకు వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్ల మంది ఉన్నారని అంచనా వేసింది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర అధికంగా ఉన్నవారికి పాదాల నాడులు మొద్దుబారవచ్చు, రక్తనాళాలు పూడుకొనవచ్చు. మొదటిదానివల్ల గాయం తెలియదు, రెండవదానివల్ల మానదు.

ఈ సత్యం మనకు కుష్ఠువ్యాధి చికిత్స ద్వారా తేటపడింది. నేటి తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో పుట్టిన ఆంగ్లేయ శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు వచ్చాడు. కుష్ఠురోగుల వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని ఆనాటి నమ్మకం. నొప్పి తెలియకపోవడమే అసలు కారణమని ఆయనా, సహచరులూ గ్రహించారు. కాలు కాస్త నొచ్చితే మనం తెలియకుండానే నడక మార్చుకుంటాం. స్పర్శ లేనివాడు నలిగిన చోటనే మళ్లీ మళ్లీ అడుగు మోపుతాడు. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో పనిచేస్తూ ఆయన ఈ సూత్రాన్నే మధుమేహ రోగుల పాదాలకూ వర్తింపజేశాడు. దక్షిణ భారతంలో కుష్ఠురోగులకు తొడిగించిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులను నేడు వైద్యులు మధుమేహ రోగులకూ సూచిస్తున్నారు.

నొప్పి చేయవలసిన కాపలా ఇక కళ్లు చేయాలి. ప్రతి రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు అద్దం సాయంతో, చూపు మందగించినవారు ఇంటివారి చేత. చెప్పుల్లో రాయి, మేకుమొన ఉన్నదేమో తడిమి తొడుక్కోవాలి. నీళ్ల వేడిని కాలితో గాక మోచేతితో చూడాలి. మధ్యాహ్నపుటెండలో కాలిన గుడి రాతిపరపు పైనా అరికాలు బొబ్బలెక్కవచ్చు. ప్రదక్షిణలు ఎండెక్కక ముందే చేయడం మేలు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు, అంగడిలో దొరికే పట్టీలు అంటించరాదు. (ఆ పట్టీ అమ్మేవాడు మధుమేహం ఉన్నదా అని అడగడు.) పగిలిన మడమలకు నూనె రాయవచ్చు గాని వేళ్ల సందుల్లో తడి నిలువరాదు. ఏడాదికొకసారైనా వైద్యుడు పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తంతువుతో స్పర్శను, వేళ్లతో పాదపు నాడిని పరీక్షించాలి.

పుండు పడితే నొప్పి లేదు గదా అని నడవడమే పెద్ద ప్రమాదం. ఎంత మంచి మందు వేసి కట్టినా, దానిపై బరువు పడుతున్నంతకాలం పుండు మానడం కష్టం. ఎరుపు, వాపు, దుర్వాసన, నలుపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి. గాయం లేకుండా ఒక పాదం వేడెక్కి వాచినా అంతే.