చిన్న పడవా, పెద్ద పడవా? సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఎవరి కోసం: చోడవరం చుట్టుపక్కల రైవాడ, కోనాం లాంటి జలాశయాల్లో వేటకు పడవ కోసం దరఖాస్తు పెట్టుకునే మత్స్యకార సహకార సంఘాల సభ్యుల కోసం.

ఎంత సాయం వస్తుంది?
2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వ్యక్తిగత యూనిట్లకు ఓసీ, బీసీ పురుషులకు యూనిట్ ధరలో 40 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలందరికీ 60 శాతం. మిగతాది మన వాటా. యూనిట్ ధర దాటి ఖర్చయితే అదంతా మనమే పెట్టుకోవాలి.

ఒక లెక్క చూద్దాం (ధరలు ఉదాహరణకే)
చిన్న పడవ 60,000 రూపాయలు: 40 శాతం సబ్సిడీ 24,000, మన వాటా 36,000.
పెద్ద పడవ 1,50,000 రూపాయలు: సబ్సిడీ 60,000, మన వాటా 90,000.
పెద్దదానికి సబ్సిడీ ఎక్కువే. కానీ మన చేతి డబ్బు కూడా 54,000 ఎక్కువ పడింది. పడవ పెద్దదైనంత మాత్రాన బొచ్చె, శీలావతి ఎక్కువ పడవు. వల, చేయి, నీరు అవే. అప్పు తెస్తే వడ్డీ మాత్రం నెలనెలా కట్టాలి.

నాలుగు ప్రశ్నలు వేసుకోండి

1. రోజూ ఎంత బరువు ఎక్కుతుంది?
ఇద్దరు మనుషులు 130 కిలోలు, తడి వలలు 40, చేపలు 50, తెడ్లు, సామాను 10. మొత్తం 230 కిలోలు. 300 కిలోలు పైన మోసే పడవ ఉంటే ఇద్దరికి చాలు. నలుగురు కలిసి వేటాడితేనే పెద్దది.

2. వేసవిలో ఎవరు లాగుతారు?
జలాశయంలో నీరు తగ్గితే ఒడ్డు దూరం అవుతుంది, మధ్యలో బురద. చిన్నదాన్ని ఇద్దరు లాక్కొస్తారు. పెద్దదానికి మనుషుల్ని పిలవాలి, కూలీ ఇవ్వాలి.

3. గాలి వస్తే?
పంటులా అడుగు వెడల్పుగా ఉన్న పెద్ద పడవ అంత సులువుగా ఒరగదు, అది దాని మేలు. కానీ గాలి పట్టేస్తుంది, ఒక్కడు తెడ్డుతో తిప్పలేడు. చిన్నది తేలిగ్గా తిరుగుతుంది గానీ ఒకే పక్కకి ఇద్దరూ వంగితే తిరగబడుతుంది.

4. డ్రమ్ముల తెప్ప చాలదా?
200 లీటర్ల డ్రమ్ము పూర్తిగా మునిగినా దాని సొంత బరువుతో కలిపి 200 కిలోల వరకే ఆపుతుంది. నాలుగు డ్రమ్ములకు 800. అందులో సగమే, అంటే చెక్కలు, మనుషులతో కలిపి 400 కిలోలు దాటనివ్వొద్దు. డ్రమ్ముకి చిల్లు పడితే ఆ మూల కూరుకుపోతుంది.

మా సలహా: ఇద్దరే వేటకు వెళ్తే చిన్నదే తీసుకోండి. మిగిలిన డబ్బు వలలకు, లైఫ్ జాకెట్లకు పెట్టండి. ఎంతమంది ఎక్కితే అన్ని జాకెట్లు ఉండాలి, తొడుక్కునే ఉండాలి.

బీమా మరవొద్దు: ఇదే పథకంలో ప్రమాద బీమా ఉంది. మరణానికి లేదా పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 వరకు. ప్రీమియం మనం కట్టక్కర్లేదు, పేరు మాత్రం నమోదై ఉండాలి. ఇది మనిషికే, పడవకు కాదు.

ఎక్కడ అడగాలి: 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. కాబట్టి విశాఖ వెళ్లక్కర్లేదు. ముందు సచివాలయం మత్స్య సహాయకుణ్ణి కలిసి, ఈ ఏడాది ఏ సైజు పడవకు ఎంత యూనిట్ ధర ఉందో అడగండి. మంజూరు కాగితం చేతికి రాకముందు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.